మాడు ముక్కలు

మా పెద్దవాడు అమెరికాలో కేన్సస్ సిటీ అనే ఊళ్ళో ఉంటాడు. సంక్రాంతికి వస్తున్నామనీ, పండగ వెళ్ళిన మూడోనాడు వాడి కొడుకు పుట్టినరోజు మన డాబా మీదే చేద్దామనీ ఫోను చేశాడు. ఇంతవరకూ బాగానే ఉంది. మా ఆవిడ అప్పుడే వేళ్ళు మడిచి అరిసెలూ, జంతికలూ, పోకుండలూ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. అంతలో వాడు, "అమ్మా, వంటల్లో ఒక్కటి మాత్రం నేను చేస్తాను. నువ్వేమీ అనకూడదు" అన్నాడు.

"ఏమిటి నాయనా అది?"

"పంది మాంసం. చిన్న చిన్న ముక్కలు కోసి, పొగ మీద మగ్గబెట్టి, పైన బెల్లప్పాకం పట్టిస్తాను."

మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, మారు మాట్లాడకుండా తులసికోట వైపు వెళ్ళిపోయింది.

మాది ఎస్. రాయవరం. కాస్త గౌరవంగా చెప్పుకోవాలంటే సర్వసిద్ధి రాయవరం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచీ అనకాపల్లి జిల్లా. మహాకవి గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న పుట్టింది ఈ ఊళ్ళోనే, మేనమామగారింట. పొరుగూరివాళ్ళెవరైనా కనిపిస్తే ముందు ఈ మాట చెప్పి, ఆ తరవాత మా బెల్లం సంగతి చెప్పడం మాకు అలవాటు.

మా ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళం కాదు. ఆదివారం కోడీ, దొరికిన రోజున రేవు పోలవరం చేపలూ వండుకునేవాళ్ళమే. కాని పంది మాట వేరు. ఆ పేరు భోజనాల వేళ ఎత్తితే మా అమ్మ విస్తరి ముందునుంచి లేచిపోయేది. ఇందులో తమాషా ఏమిటంటే, మా ప్రాంతంలో పారే ఏరు పేరు వరాహ నది. మా జిల్లాలో ఇంటింటి దైవమైన సింహాద్రి అప్పన్న వరాహ నరసింహమూర్తి. పాతకాలంలో పెద్దలు సొమ్ము లెక్కపెట్టింది వరహాల్లో. ఇన్ని వరాహాల మధ్య బతుకుతూ ఒక్క వరాహాన్ని చూసి ముక్కు మూసుకోవడమేమిటని నేను ఆ సాయంత్రం మా ఆవిడతో వాదన వేసుకున్నాను.

"అప్పన్న స్వామి ఆ రూపంలో ఉన్నాడు కనకనే తినకూడదు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగమంతా తెలుగు మేష్టరుగా చేసినవాణ్ణి కనక, జవాబు లేనప్పుడు గ్రంథాలు తీయడం నాకు అలవాటు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో వరాహ మాంసాన్ని కాల్చి వండే పద్ధతులు వర్ణించి ఉన్నాయని చెప్పాను.

"ఆ రాజుగారి భార్య దాన్ని వంటింట్లోకి రానిచ్చిందో లేదో కూడా రాశారేమో చూడండి" అంది.

చివరికి మూడు షరతుల మీద ఒప్పందం కుదిరింది. వంట పెరట్లోనే జరగాలి. గిన్నెలు వేరుగా ఉండాలి. ఇక మూడోది, అదేమిటో చెప్పకుండా ఎవరి కంచంలోనూ వడ్డించకూడదు. ఈ మూడో షరతు విన్నాక మా ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది సుమండీ.

మావాడు మర్నాడు మళ్ళీ ఫోను చేసి ఆ వంట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. కేన్సస్ సిటీలో పొగ మీద వండే మాంసానికి పెద్ద పేరట. దానికి ఆద్యుడు హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటవాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఊరు వచ్చి అమ్మకం మొదలుపెట్టాడు. ఆయన తరవాత ఆ దుకాణం బ్రయంట్ సోదరుల చేతికి వచ్చింది. ఆర్థర్ బ్రయంట్ దుకాణంలో ఆవు రొమ్ము మాంసం కోసేటప్పుడు మాడిన అంచులు రాలిపడేవి. అవి అమ్మకానికి పనికిరావని బల్ల మీద ఒక పక్కకి నెట్టేవారట. వరసలో నిలబడ్డవాళ్ళు ఊరికే తీసుకుని నోట్లో వేసుకునేవారు. 1972లో కాల్విన్ ట్రిలిన్ అనే రచయిత ఆ మాడు ముక్కల రుచిని మెచ్చుకుంటూ రాసేసరికి వాటికి కీర్తి వచ్చింది. ఇప్పుడు వాటినే ప్రత్యేకంగా వండి డబ్బు పుచ్చుకుని అమ్ముతున్నారు. పంది పొట్టభాగంతో, అదే తరహాలో, తియ్యటి పాకం పట్టించి చేసేది ఈమధ్య వచ్చిన రకం.

"నాన్నా, అక్కడ అందులో పంచదార వేస్తారు. నేను మన బెల్లం వేసి చేద్దామనుకుంటున్నాను. ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు" అన్నాడు గర్వంగా.

నేను "ఊఁ" అని ఊరుకున్నాను. ఎందుకంటే అరవై ఏళ్ళకు పైబడ్డ కిందట, మా చెరకుతోట గట్టున, ఆ రుచి నేను చూసి ఉన్నాను. ఆ సంగతి మా ఆవిడకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

అది 1962. నాకు తొమ్మిదేళ్ళు. ఎడ్ల గానుగ పోయి ఇంజను గానుగ వచ్చిన కొత్త. సంక్రాంతి వెళ్ళగానే మా పొలంలో పొయ్యి వెలిగేది. గానుగ ఆడిన పిప్పిని ఎండబెట్టి, ఆ పిప్పే పొయ్యిలో మంటకు వేసేవారు. వెడల్పాటి ఇనప పెనంలో చెరకురసం మరుగుతూంటే సున్నపుతేట పోసి, బెండకాడల జిగురు కలిపి, పైకి తేలిన మడ్డి తీసేవారు. పాకం ముదిరే వేళకు చెంబుడు నీళ్ళలో చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూడాలి. ఒక్క నిమిషం ముందు దింపితే దిమ్మ కట్టదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన వేసి అనకాపల్లి మార్కెట్లో ధర పడిపోతుంది. నూరు కిలోల చెరకుకి పది కిలోల బెల్లం దిగితే అదృష్టమే. అందుచేత ఊళ్ళో ఎంత పెద్ద రైతైనా ఆ నిమిషంలో మాత్రం పాకం చూసేవాడి మొహంకేసి చూస్తూ నిలబడవలసిందే.

మా పాకం చూసే ఆయనకు అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. పేరు రాయడం లేదు. ఆయన మనవలు ఊళ్ళో ఉన్నారు. మా ఇంట్లో అందరం ఆయన్ని "ఒరే" అనేవాళ్ళం. తొమ్మిదేళ్ళ నేను కూడా.

పెనం అంచులకు అంటుకున్న పాకం గోకుడు ఆయనకు చెందేది. కూలితో పాటు అది ఆనవాయితీ. గానుగ ముగిసే రోజున ఆయన ఇంటినుంచి మాంసం ముక్కలు తెచ్చి, ఇనప తీగకు గుచ్చి, పొయ్యి వెనకాల పొగ వెళ్ళే గూటిలో వేలాడదీసేవాడు. మధ్యాహ్నమంతా అవి పిప్పి పొగకు మగ్గేవి. సాయంత్రం ఆ గోకుడు కరిగించి, కారం, చింతపండు కలిపి వాటికి పూసి, మళ్ళీ నిప్పుల మీద కాసేపు ఉంచేవాడు. ఆ వాసన పట్టుకునే నేను పొయ్యి వెనక్కి వెళ్ళాను.

"నాకో ముక్క పెట్టరా" అన్నాను.

"వద్దు బాబూ. ఇది తవరు తినీది కాదు. పెదబాబు సూసినారంటే నా పని అయిపోద్ది."

"పెట్టకపోతే నువ్వు పాకం దొంగిలించావని చెబుతాను."

తొమ్మిదేళ్ళవాడికి ఆ బెదిరింపు ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఆయన నావైపు ఒక్క క్షణం చూసి, మోదుగాకులో ఒక ముక్క పెట్టి ఇచ్చాడు. పైన పాకం పెళుసుగా, లోపల వెన్నలా, వేళ్ళకు అంటుకుని వదలకుండా, తీపీ కారమూ పొగా ఒకేసారి నోట్లో కరిగాయి. ఇంతకాలం బతికి ఎన్నో విందులు తిన్నాను. అలాంటి ముక్క మళ్ళీ తినలేదు.

మూతి తుడుచుకోకుండా ఇంటికి వెళ్ళడం నా తెలివితక్కువ. మా పెదనాన్నగారు గడప దగ్గరే ఆపి, "ఏం తిన్నావురా? ఎవరు పెట్టారు?" అని గద్దించారు.

"వాడే పిలిచి పెట్టాడు" అన్నాను.

నాకు పసుపునీళ్ళతో రెండుసార్లు స్నానం చేయించారు. ఆయన్ని పిలిపించి పదిమందిలో తిట్టారు. తువ్వాలు నడుముకి బిగించుకుని తల వంచుకుని నిలబడ్డాడు. ఒకే ఒక్కసారి నావైపు చూశాడు. నేనడిగానని గాని, బెదిరించానని గాని ఒక్క మాట చెప్పలేదు. చెప్పినా వినేవారెవరు? మరుసటి ఏడు మా పొయ్యి దగ్గర వేరే మనిషి నిలబడ్డాడు.

ఆ సెప్టెంబరుకు గురజాడవారు పుట్టి నూరేళ్ళు నిండాయి. బడిలో నేను దేశభక్తి గీతం ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పి, కలం బహుమతి పుచ్చుకున్నాను. పెద్దయ్యాక ముప్పై రెండేళ్ళు అదే గీతం పిల్లలకు పాఠం చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా తెచ్చుకున్నాను. ఇక చెప్పేదేముంది!

మావాడి ఫోను వచ్చిన వారానికి, ఒక సాయంత్రం, ఆయన ఇంటికి బయలుదేరాను. ఆయన పోయి చాలాకాలమైంది. కొడుకున్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. తండ్రి విద్యే నేర్చుకుని చుట్టుపక్కల గానుగల్లో పాకం చూసి, మోకాళ్ళు సహకరించక ఈమధ్యనే మానేశాడు. అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను" అన్నాను.

'మీతో' అన్నది ఎవరినా అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. బెదిరించిన మాట కూడా దాచలేదు.

ఆయన తాడు పేనడం ఆపలేదు. చాలాసేపటికి, "అయ్య ఇంటికాడ సెప్పినాడు బాబూ. మాకు తెలుసు" అన్నాడు.

"నామీద కోపం రాలేదా ఆయనకి?"

"కోపం మాట తెలీదు. ఆ యేడు మాత్రం మేం బెల్లం కొనుక్కుని తిన్నాం. అంతకుముందెప్పుడూ కొన్నేదు."

దానికి ఏమనాలో తోచక తల దించుకు కూర్చున్నాను. క్షమించానని ఆయన అనలేదు. అనమని అడిగే అర్హతా నాకు లేదు. లేచి వస్తూంటే వెనకనుంచి, "అబ్బాయిగోరు ఏ కర్రతో పొగ పెడతారంట?" అని అడిగాడు.

కనుమ నాటికి మావాడు సరంజామా సిద్ధం చేశాడు. విశాఖపట్నంలో శుభ్రమైన దుకాణంనుంచి, ఫారంలో పెంచిన పంది పొట్టభాగం, కొవ్వూ కండా పొరలు పొరలుగా ఉన్నది, ఐదు కిలోలు మంచుపెట్టెలో తెచ్చాడు. మా కోడలు డాక్టరు. ఊరి బయట తిరిగే పందుల మాంసం ఎందుకు వద్దో ఆమె చెప్పింది. మనుషుల మలం తినే పందుల కండలో బద్దెపురుగు తిత్తులు చేరతాయట. ఆ మాంసం సరిగా ఉడకకుండా తింటే మన పేగుల్లో పురుగు పెరుగుతుంది. ఆ పురుగు గుడ్లు చేతుల శుభ్రత లేనప్పుడు మళ్ళీ నోట్లోకి వెళ్ళి, మెదడుదాకా చేరితే మూర్ఛలు వస్తాయి. అమెరికా ప్రభుత్వంవారు 2011లో సవరించిన లెక్క ప్రకారం, పంది కండ లోపలి వేడి 63 డిగ్రీలకు చేరి, మూడు నిమిషాలు అలా వదిలితే భయం లేదు. మావాడి వంట ఇంచుమించు 95 డిగ్రీలదాకా వెళుతుంది గనక నిశ్చింతగా ఉండమంది. "పెద్దలు వద్దన్నదానికి ఏదో కారణం ఉండకపోతుందా!" అని మా ఆవిడ నావైపు చూసింది. కారణం పంది పెరిగే చోటులో ఉందని కోడలు అన్నమాట ఆవిడ వినిపించుకోలేదు.

ముందుగా ఒక కిలోతో పరీక్ష చేశాడు. పాత ఇనప పీపాను బాగా కాల్చి శుభ్రం చేసి, లోపల జల్లెడ అమర్చి, అడుగున బొగ్గులు వేసి మామిడి కొమ్మలు పెట్టాడు. ముక్కలకు బెల్లప్పొడి ముందే దట్టించాడు. మూడు గంటల తరవాత మూత తీస్తే బొగ్గులేవో, ముక్కలేవో తేడా తెలియలేదు. నోట్లో వేసుకుంటే వేపాకు నమిలినట్టుంది. పెరటి గోడమీది కాకి కూడా వంగి చూసి ఎగిరిపోయింది.

ఆ సమయానికి ఆయన వచ్చాడు. చేతికర్ర గోడకి ఆనించి, పీపా వాసన చూసి, "పచ్చికర్ర ఏసినారు. తెల్లపొగ సేదు బాబూ. ఎండుకర్ర మండి, పొగ పల్చగా నీలంగా రావాల. బెల్లం ఆఖరున గాని ఏస్తారేటి మొదట?" అన్నాడు. మావాడు వేడి కొలిచే గొట్టం చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది మంచిదే" అని మెచ్చుకున్నాడు.

పుట్టినరోజునాడు మిగతా నాలుగు కిలోలూ ఆయన చెప్పినట్టే వండారు. ఆసక్తి ఉన్నవారికోసం రాస్తున్నాను. మాంసం అంగుళంన్నర ముక్కలుగా కోయాలి. కిలోకి చెంచాన్నర ఉప్పు, చెంచా మిరియాలపొడి, రెండు చెంచాల కారం, చెంచా వెల్లుల్లి ముద్ద, అరచెంచా సొంఠిపొడి పట్టించి గంటసేపు ఉంచాలి. నిప్పులు ఒక పక్కకు నెట్టి, ముక్కలు రెండో పక్కన జల్లెడ మీద విడివిడిగా పరవాలి. పీపాలో వేడి 120 డిగ్రీలు దాటకుండా మూడు గంటలు పల్చటి పొగ తగలనివ్వాలి. తరవాత పళ్ళెంలోకి తీసి, కిలోకి యాభై గ్రాముల వెన్న వేసి, మూత బిగించి మరో గంటన్నర మగ్గనివ్వాలి. గట్టిగా ఉన్న కండ ఈ దశలోనే జిగురుగా కరిగి మెత్తబడుతుంది. ఈలోగా నూటయాభై గ్రాముల బెల్లం కరిగించి వడకట్టి, చిన్న నిమ్మకాయంత చింతపండు పులుసూ, కాస్త కారమూ వేసి తీగపాకం రానివ్వాలి. ముక్కలలో కారిన కొవ్వు వంచేసి, ఈ పాకం పోసి కలిపి, మూత లేకుండా పావుగంట వేడి తగలనిస్తే ముక్క ముక్కకీ మెరిసే పూత పడుతుంది. తొందరపడ్డారా, పాకం కారిపోతుంది. ఆదమరిచారా, మాడిపోతుంది.

పంది తిననివాళ్ళకోసం చిలగడదుంప ముక్కలకు వేరే పళ్ళెంలో అదే పాకం పట్టించారు. కొబ్బరి ఈనెలు కడిగి చిన్నగా విరిచి ముక్కలకు గుచ్చారు. మా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ఏ పళ్ళెంలో ఏముందో తానే చెప్పింది. నాతోపాటు పనిచేసిన సాయిబుగారు చిలగడదుంపలు రెండుసార్లు వేయించుకున్నారు. మా బంధువుల్లో సగంమంది మాంసం వైపు చూడలేదు. చూడనివాళ్ళలో ఒకాయన పిట్టగోడ పక్కకి వెళ్ళి నాలుగు ముక్కలు తిన్న సంగతి ఆయన భార్యకు ఇంకా తెలియదు.

ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చి, మెట్ల కింద ఆగిపోయాడు. నేను దిగేలోగా మా ఆవిడే, "అక్కడ నిలబడిపోయారేం అన్నయ్యగారూ, పైకి రండి" అంది. నేను ఆవిడకు మూడు రోజుల కిందటే అంతా చెప్పేశాను. విని ఆవిడ ఒక్కటే అంది: "ఇన్నాళ్ళు పట్టిందా?"

కుర్చీలన్నీ ఒకే వరసలో వేయించాం. ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పిల్లలు చుట్టూ మూగారు. మనవడు పాకం అంటిన వేళ్ళు నాకుతూ, "తాతయ్యా, మీరిది ఇంతకుముందు తిన్నారా?" అని అడిగాడు.

ఆ రోజున ఆయన తండ్రిమీద నింద పదిమందిలో పడింది. నిజం కూడా పదిమందిలోనే చెప్పడం న్యాయమనిపించింది. లేచి నిలబడి చెప్పాను. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు రెండుసార్లు తడబడింది. కొందరు పళ్ళేల్లోకి చూసుకున్నారు. మా పెదనాన్నగారి కోడలు, "పోయినవాళ్ళ మాటలు ఇప్పుడెందుకు?" అని గొణిగింది. పెదనాన్నగారి తప్పు కంటే నా తప్పే పెద్దదనీ, నేను ఇంకా పోలేదనీ అన్నాను.

ఆయన అంతా విని, పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. అందరం, ఆనాడు పెనం చుట్టూ నిలబడినట్టు, ఆయన మొహంకేసి చూస్తూ నిలబడ్డాం.

"పొగ సరిపోయింది" అన్నాడు. "పాకం మాత్రం ఒక్క పొంగు ముందు దింపాల్సింది."

మావాడు మొహం వేలాడేసుకుని, "వచ్చే ఏడు పాకం మీరే చూడాలి బాబాయిగారూ" అన్నాడు.

"సూస్తాను. మంట ఎవరేస్తారు?"

"నేను వేస్తాను" అన్నాను. అప్పుడు గాని నా పళ్ళెంలో ముక్క చేతిలోకి తీసుకోలేదు.